మడతక్క నేర్పిన సాక్ష్యం

రెండు చేతులున్న ఏ మనిషినైనా దుప్పటికి అవతలి కొసన నిలబెడితే చాలు, పావుగంటలో దారికి తెచ్చేస్తానని మడతక్క నమ్మకం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ లాండ్రీలో మడతల విభాగం ఆమెదే. రెండు ఆసుపత్రులవీ, పది పన్నెండు లాడ్జీలవీ దుప్పట్లు రోజూ మూటలు మూటలుగా వచ్చి పడతాయి. వాటిని విప్పి, వేరు చేసి, డెబ్బై అయిదు డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ రోలర్ కిందుగా పోనిస్తారు. చివరికి అవి బల్లల దగ్గరికి వస్తాయి. ఇద్దరిద్దరు చెరో కొస పట్టుకుంటారు. "ఒకటీ, రెండూ, కలుపూ" అంటుంది మడతక్క. కలుపుతారు. మళ్లీ అంటుంది, మళ్లీ కలుపుతారు. ఎనిమిది బల్లల దగ్గర పదహారు మంది ఒకే క్షణాన అడుగు ముందుకేసి, ఒకే క్షణాన వెనక్కి తగ్గుతుంటే, మొదటిసారి చూసినవాళ్లు నోరు తెరుచుకుని నిలబడిపోతారు.

ఆమెకూ ఒక పేరుంది. హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దానితో ఎవరికీ పని పడలేదు.

ఇంట్లోనూ అదే తీరు. "పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో నన్ను ఎనిమిది మడతలు పెట్టింది. ఇక బీరువాలో సర్దడమే తరువాయి" అంటాడు ఆమె భర్త. ఎవరి కాలరు వంకరగా ఉన్నా చెప్పకుండా సరిచేస్తుంది. ఎవరికి పన్ను నొప్పి వచ్చినా ఏ డాక్టరు దగ్గరికి ఏ వారం వెళ్లాలో ఆమే తేలుస్తుంది. సాయం కావలసినవాళ్లు అడిగేలోపే సాయం చేసేసి, ఆ తర్వాత వాళ్లు ఎలా మెలగాలో కూడా చెప్పేసే రకం. అందుకే ఆమెను చూస్తే అందరికీ గౌరవం, కాస్త బెదురు.

కొత్తమ్మాయి పూచీ వ్యవహారం తన భుజాన వేసుకున్నప్పుడు కూడా, ఇదీ మడత పెట్టే పనే కదా అనుకుంది మడతక్క.

కొత్తమ్మాయి ఆ లాండ్రీకి వచ్చి రెండేళ్లయింది. పదహారేళ్లప్పుడు ఆమెను పని ఇప్పిస్తామని ఊరు దాటించి ఒక ఇంటికి అమ్మేశారు. ఏడేళ్ల తర్వాత పోలీసులు ఆ ఇంటి తలుపులు పగలగొట్టిన రోజున ఆమె చంకలో ఏడాదిన్నర ఆడపిల్ల ఉంది. తల్లికి క్షయ ఉందని తేలడంతో పిల్లను పిల్లల గృహానికి పంపారు. ఆరు నెలల మందులతో జబ్బు నయమైంది. పని దొరికింది, గది దొరికింది. పిల్ల మాత్రం అక్కడే ఉండిపోయింది. ఆదివారం ఆదివారం ఒక గంట చూడనిస్తారు. ఆ ఇంట్లో తనకు నాలుగు పేర్లు పెట్టారట. లాండ్రీలో మొదటిరోజు పేరడిగితే "ఏదో ఒకటి పిలవండి" అంది. అలా కొత్తమ్మాయి అయింది. తర్వాత ఇంకో తొమ్మిది మంది కొత్తగా చేరినా ఆ మాట ఆమెకే మిగిలింది.

ఇప్పుడు పాపకు నాలుగేళ్లు. గృహంలో చేర్చి మూడేళ్లు నిండేలోపు తల్లి తీసుకెళ్లకపోతే ఫైలు దత్తత జాబితాకి పోతుందని నియమం. ఇంకా ఉన్నది ఆరు నెలలే. తల్లికి ఇవ్వాలంటే, ఆమెను దగ్గరగా ఎరిగిన అయిదుగురు విచారణాధికారి ముందు మాట్లాడి, పూచీ పత్రం మీద సంతకం పెట్టాలి.

అయిదుగుర్ని వెతకడానికి మడతక్కకు అయిదు నిమిషాలు పట్టలేదు. మొదటి సంతకం తనది. రెండోది రోలర్ దగ్గర పనిచేసే ఇస్త్రీ వదినది. మూడోది వచ్చిన మూటలు విప్పి వేరుచేసే మూటల బాబాయిది. నాలుగోది వ్యాను డ్రైవరుది. అయిదోది కొత్తమ్మాయి అద్దెకుంటున్న గది యజమానురాలిది. ఆవిణ్ని వీధంతా మామ్మగారంటారు.

వారం రోజులు టీ విరామంలో తర్ఫీదు నడిచింది.

"చెప్పు, బాబాయ్."

"ఆమె చాలా మంచి పిల్ల. పొద్దున్నే లేస్తుంది. ఎవరి జోలికీ పోదు. కష్టపడి పనిచేస్తుంది. మాకు..." బాబాయి కళ్లు పైకప్పు వైపు వెళ్లాయి.

"చెల్లెలి లాంటిది!"

"నాకు అరవై ఆరేళ్లు తల్లీ. చెల్లెలు ఎక్కడినుంచి వస్తుంది?"

"ఏదైతే ఏంటి? అందరూ ఒకే మాట మీద ఉండాలి. ఒకరు చెల్లెలని, ఒకరు కూతురని అంటే ఆ అధికారికి అనుమానం రాదూ?"

"పొద్దున్నే లేస్తుందని మనకెలా తెలుసక్కా?" అన్నాడు డ్రైవరు.

"లేవకపోతే పనికెలా వస్తుంది? బుర్ర ఉండక్కర్లా?"

"ఏమో. నేను రోజూ వస్తాను. నేనెప్పుడు పొద్దున్నే లేచాను?" అన్నాడతను. ఇస్త్రీ వదిన టీ పొలమారేలా నవ్వింది. మడతక్క నవ్వలేదు. మళ్లీ మొదటినుంచి చెప్పించింది. ఒక తల్లి బిడ్డ సంగతి ఇది, ఆషామాషీ కాదు. ఒక్క మాట తప్పితే చాలు, పిల్ల చేజారిపోతుందేమోనన్న దడ ఆ వారమంతా ఆమెను సరిగ్గా అన్నం తిననివ్వలేదు.

ఆ రోజు రానే వచ్చింది. విచారణాధికారి గది చిన్నది. ఆవిడ నలభై ఏళ్లు దాటని మనిషి. బల్ల మీద ఒకే ఒక్క ఫైలు, ఒక కలం. అయిదుగురూ గోడవారన బెంచీ మీద ఒదిగి కూర్చున్నారు. కొత్తమ్మాయి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. ఎక్కడికెళ్లినా ఆమె తలుపు దగ్గరే కూర్చుంటుంది.

ఇస్త్రీ వదిన చెప్పింది. ఆమె చాలా మంచి పిల్ల. పొద్దున్నే లేస్తుంది. ఎవరి జోలికీ పోదు. కష్టపడి పనిచేస్తుంది. మాకు చెల్లెలి లాంటిది. అధికారి రాసుకుంది. బాబాయి చెప్పాడు. అధికారి సగం రాసి ఆగింది. డ్రైవరు 'ఎవరి జోలికీ' దగ్గర మరిచిపోయి మడతక్క వైపు చూశాడు. మడతక్క పెదవులు కదిలాయి. అతను అందుకున్నాడు. అధికారి కలం కింద పెట్టేసింది. ఇంతలో డెబ్బై నాలుగేళ్ల మామ్మగారు లేచి, ఎవరూ అడగకుండానే, గొంతు సవరించుకుని, "మాకు చెల్లెలి లాంటిది" అని చివరి మాట నుంచి మొదలుపెట్టింది.

ఎవరికీ నవ్వు రాలేదు. అధికారి ముఖంలో రంగు మారిపోయింది.

"ఈ మాటలు నేను ఇంతకుముందు విన్నాను. నాలుగేళ్ల కిందట. ఇదే బెంచీ మీద అయిదుగురు కూర్చున్నారు. ఒకే పాఠం అప్పజెప్పారు. నమ్మి ఒక అమ్మాయిని వాళ్ల వెంట పంపాను" అందామె. "ఆ అయిదుగురూ ఆ పిల్లని కొన్నవాళ్ల మనుషులే. నాకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది."

"అమ్మా, మేము అలాంటి..." అంటూ లేవబోయింది మడతక్క.

"మీరు అలాంటివాళ్లని నేననడం లేదు. కాదని నాకు తెలియాలిగా? మీరు నాకు మనిషిని చూపించలేదు. పాఠం వినిపించారు." ఆమె ఫైలు మూసింది. "మూడు వారాల తర్వాత నేనే మీ లాండ్రీకి వస్తాను. ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతాను. అప్పుడు కూడా ఇలాగే అయితే నేను సంతకం పెట్టలేను. ఆ తర్వాత జరిగేది నా చేతిలో ఉండదు."

అందరూ బయటికి వచ్చారు. బస్సు ఆగే చోట మడతక్క కొత్తమ్మాయి చెయ్యి పట్టుకోబోయింది. కొత్తమ్మాయి ఒక అడుగు పక్కకి జరిగింది.

"తప్పు నాదేనమ్మా. ఇంకోసారి గట్టిగా నేర్పించి..."

"వద్దక్కా." గొంతు పెద్దది చేయలేదు కొత్తమ్మాయి. అది ఇంకా కష్టంగా వినిపించింది. "అక్కడ కూడా నేర్పేవాళ్లు. ఎవరైనా వచ్చి అడిగితే వయసు ఇరవై రెండని చెప్పు, నా ఇష్టంతోనే వచ్చానని చెప్పు అని. తప్పితే మళ్లీ చెప్పించేవాళ్లు. పదహారేళ్లప్పుడు నేను ఇరవై రెండు అని ఎంత బాగా చెప్పేదాన్నో! ఇవాళ బాబాయి అలా పైకి చూసి గుర్తు తెచ్చుకుంటుంటే..."

బస్సు వచ్చింది. ఎక్కి, తలుపు పక్క సీట్లో కూర్చుంది.

మడతక్క ఆ బస్సు ఎక్కలేదు. నడిచి ఇంటికి వెళ్లింది. ఏమైందని భర్త అడిగితే, "ఏం లేదు" అంది. ముప్ఫై ఏళ్లలో ఆమె నోట ఆ మాట వినడం అదే మొదటిసారి కాబట్టి ఆయన భయపడిపోయి, వంటింట్లోకి వెళ్లి తనే గిన్నెలు తోమాడు.

ఆ మూడు వారాలు మడతక్కకు నోరు కట్టేసుకోవడం ఎంత కష్టమో తెలిసొచ్చింది. "ఏం చెప్పమంటావక్కా?" అని ఇస్త్రీ వదిన రెండుసార్లు అడిగింది. "నాకేం తెలుసు? నీ నోరు, నీ ఇష్టం" అంది మడతక్క. ఆ తర్వాత రోలర్ చాటుకి వెళ్లి తనలో తనే గొణుక్కుంది. ఇస్త్రీ వదినకు నోటికి తాళం లేదు. బాబాయికి మతిమరుపు. డ్రైవరు వాగుడు మొదలుపెడితే ఎక్కడ తేలుతాడో వాడికే తెలియదు. ఇక మామ్మగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇలాంటి నలుగురి నోళ్ల మీద ఒక పసిపిల్ల బతుకు వేలాడుతోంది. తను నేర్పకపోతే వీళ్లకి ఏం తెలుసు గనక?

అధికారి చెప్పిన రోజున చెప్పిన గంటకే వచ్చింది. ఉతికిన దుప్పట్లు పేర్చే గదిలో బల్ల వేశారు. నేల నుంచి పైకప్పు దాకా తెల్లటి దొంతరలు. ఆ గదిలో ఎప్పుడూ సబ్బూ ఆవిరీ కలిసిన వెచ్చటి వాసన ఉంటుంది.

"మీరు ఇక్కడే ఉండండి" అందామె మడతక్కతో. "కాకపోతే అటు కిటికీ వైపు తిరిగి కూర్చోండి. మీ ముఖం వాళ్లకి కనపడకూడదు. వాళ్ల ముఖాలు మీకు కనపడకూడదు. మీ పెదవి కదిలిందని నాకనిపిస్తే లేచి వెళ్లిపోతాను."

"నన్నెందుకమ్మా ఉంచడం? బయటికి పోతాను."

"ఉంచాలన్నది నా ఆలోచన కాదు. ఆ అమ్మాయి అడిగింది. అక్క వినాలి అంది."

మడతక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కిటికీలోంచి లాండ్రీ వెనక గోడా, ఆవిరి గొట్టమూ తప్ప ఏమీ కనబడవు. చేతులు ఒళ్లో పెట్టుకుంది. పనిలేని చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు చేతకాదు.

మొదట ఇస్త్రీ వదిన వచ్చింది.

"ఆమె ఎలాంటి మనిషి?"

"కోపిష్ఠిదండీ" అంది ఇస్త్రీ వదిన. మడతక్క కళ్లు మూసుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది. "ఒకసారి నా మీద నీళ్ల జగ్గు విసిరింది. ఇదిగో, ఈ మచ్చ అదే. చేరిన కొత్తలో. నేను సరదాకి వెనకనుంచి వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. తర్వాత పాపం రెండు రోజులు నా ముఖం చూళ్లేదు."

"మరి మీరేం చేశారు?"

"ఏం చేస్తానండీ? పాటలు మొదలుపెట్టాను."

"పాటలా?"

"ఈ రోలర్ రొదలో మనిషి నడిచొచ్చేది ఏం వినబడుతుంది? అందుకని తన వైపు వెళ్లాల్సొస్తే పది అడుగుల దూరం నుంచే పాడుకుంటూ వెళతాను. వస్తున్నానని ముందే తెలుస్తుంది కదా! నా గొంతు బండ గొంతండీ. మా ఆయన దండం పెట్టి ఇంట్లో పాడొద్దన్నాడు. ఇదిగో, ఈ అక్క రెండేళ్లుగా తిడుతూనే ఉంది, ఈ వయసులో నీకీ గానకచేరీ ఏంటని. తిడితే తిట్టనీ. చెప్పుకునే సంగతా అది?"

ఆ పాటను మడతక్క రోజూ విన్నదే. ఒక్కరోజు కూడా అదెందుకో ఆలోచించలేదు.

బాబాయి వచ్చి కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"నేను ఎక్కువ మాట్లాడనమ్మా. నాకు తెలిసింది ఒక్కటే" అన్నాడు. "మూటలు విప్పి ఏ బల్లకి ఏవి పోవాలో పంపేది నేను. ఆ పిల్ల చేరిన మొదటి వారం ఒకరోజు లాడ్జి దుప్పట్లు పంపాను. మూల మీద లాడ్జి ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసి ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి. ముఖంలో ఏమీ లేదు. చేతులు మాత్రం పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయాయి. ఎంతసేపో. ఎదుటి కొసన ఉన్న మనిషి విసుక్కుంది. అంతే. ఆ రోజు నుంచి లాడ్జి మూట ఒక్కటి కూడా ఆ బల్లకి పోలేదు. ఆసుపత్రివే పోతాయి."

"రెండేళ్లుగానా?"

"రెండేళ్లుగానే. నాకోసారి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాలేదు. అప్పుడు కూడా నా బదులు వచ్చినవాడికి, ఆ మూలబల్లకి ఆసుపత్రివే పంపరా, అక్కడి మనిషికి ఆ కొలత అలవాటు అని చెప్పి వెళ్లాను. ఎందుకని వాడు అడగలేదు. నేను చెప్పలేదు."

"ఆ అమ్మాయికి తెలుసా?"

"మేమెప్పుడూ ఆ మాట అనుకోలేదమ్మా" అన్నాడు బాబాయి. "పోయిన నెల మాత్రం తనే వచ్చి, 'బాబాయ్, ఇవాళ ఒక లాడ్జి మూట ఇటు పంపు, చూస్తాను' అంది. పంపాను. నాలుగు మడత పెట్టింది. 'చాలు, ఇక తీసెయ్' అంది. తీసేశాను."

మూటల పంపకంలో బల్లల వంతు తప్పుతోందని మడతక్క ఆ ముసలాయన్ని ఎన్నిసార్లు అందరిముందూ నిలదీసిందో లెక్కలేదు. "మతిమరుపు ముదిరింది, ఇంట్లో కూర్చో" అని కూడా అంది. ఆయన తల గోక్కుని, "అవునే తల్లీ, వయసైపోయింది" అనేవాడు. ఇప్పుడు కిటికీ బయట ఆవిరి గొట్టం ఆమె కళ్లకి మసకమసగ్గా కనబడింది.

డ్రైవరు రావడమే గలగలా మాట్లాడుతూ వచ్చాడు.

"ఆదివారాలు పిల్లల గృహానికి నా వ్యానులోనే తీసుకెళతానండీ. మొదట్లో ఒకసారి రోడ్డు తవ్వేస్తే సందులోంచి తిప్పాను. అంతే, నడుస్తున్న బండి తలుపు తీసేసింది! దూకేసేదే. పక్కకి ఆపాను. అప్పుడు వెలిగింది నా బుర్రలో, ఈమెని ఒకప్పుడు ఇలాగే ఏదో బండిలో చెప్పకుండా దారి మళ్లించి ఉంటారని."

"తర్వాత?"

"తర్వాత దారి నాది కాదండీ, తనది. ఊరి పటం ఒకటి కొని తన చేతికిచ్చాను. ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో బండి నడుపుతున్నాను. తను తప్పు సందులోకి తిరగమన్నా తిరిగాను. ముందు గోడ వచ్చింది. ఇద్దరం దిగి గోడ చూసి నవ్వుకుని మళ్లీ వెనక్కి. ఇప్పుడైతే నాకు తెలియని అడ్డదారులు నాలుగు నేర్పింది. ఒట్టు."

అధికారి కలం ఆగకుండా కదులుతున్న చప్పుడు మడతక్కకు వినబడుతోంది.

మామ్మగారిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. మడతక్క పళ్లు బిగించింది. ఈవిడ ఏం కొంప ముంచుతుందో!

"ఇద్దరు మగాళ్లు వచ్చారమ్మా, పోయిన ఏడాది" అంది మామ్మగారు, వంటల సంగతి చెబుతున్నంత తీరిగ్గా.

గదిలో కలం చప్పుడు ఆగిపోయింది.

"ఫలానా పిల్ల ఇక్కడుందా అన్నారు. ముఖాలు చూస్తే తెలియదూ? నాకు చెముడొచ్చినట్టు కూర్చున్నాను. 'ఏం నాయనా, మోకాళ్ల మందులు తెచ్చారా' అన్నాను. మోకాళ్ల సంగతి ముప్పావుగంట చెప్పాను. వెళ్లిపోయారు. నాలుగు రోజులకి మళ్లీ వచ్చారు. మోకాళ్లు అయిపోయాయి కదా, పళ్ల సంగతి ఎత్తుకున్నాను. పై పళ్ల నుంచి మొదలుపెట్టాను. కింది పళ్ల దాకా ఆగలేదు వాళ్లు."

"ఆ అమ్మాయికి చెప్పారా?"

"చెప్పకపోతే ఎలాగ? అదే రోజు చెప్పాను. తన మీదికి వచ్చేది తనకి తెలియొద్దూ? ఉంటావో, ఇల్లు మారతావో నీ ఇష్టం అన్నాను. ఒక పూటంతా గదిలోంచి రాలేదు. తర్వాత కిందికొచ్చి, 'మామ్మా, పోలీస్ స్టేషన్‌కి తోడొస్తావా' అంది. తనే రాసిచ్చింది. తిరిగొస్తూ వీధిలో ప్రతి కొట్టు ముందూ ఆగింది. చెప్పులు కుట్టేవాడికీ, మందుల షాపు ఆయనకీ, రొట్టెల కొట్టు మొగుడూపెళ్లాలకీ, అందరికీ తనే చెప్పింది. నేను ఫలానా చోటినుంచి వచ్చాను, ఫలానా వాళ్లు వెతుకుతున్నారు, ముఖాలు ఇలా ఉంటాయి అని. ఏడేళ్లు ఎవరికీ కనపడకుండా దాచిన పిల్లమ్మా అది! నడిరోడ్డు మీద నిలబడి నోరు విప్పి చెప్పింది."

"వాళ్లు ఏమన్నారు, ఆ కొట్లవాళ్లు?"

"ఏమంటారు? సరేనమ్మా అన్నారు. మూడోసారి వాళ్లు వీధిలోకి అడుగుపెట్టగానే చెప్పులవాడు లేచి రోడ్డు మీద నిలబడ్డాడట. మందుల షాపు ఆయన బయటికొచ్చాడు. రొట్టెల కొట్టు వాళ్లు చేతికి పిండితోనే వచ్చారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పదిహేను మంది ఊరికే నిలబడి చూశారు. ఈలోగా మందుల షాపు ఆయన ఫోన్ చేస్తే పోలీసులొచ్చారు. ఆ ఇద్దరిప్పుడు జైల్లో ఉన్నారు. కాగితాలు ఉన్నాయి, చూసుకోండి." మామ్మగారు ఆగి, "పోయినసారి చెల్లెలని అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అద్దెకున్న పిల్ల. అంతే. నేనంటే దానికి చనువు, అదంటే నాకు గౌరవం" అంది.

మడతక్క రెండు అరచేతులూ మోకాళ్లకి గట్టిగా అదుముకుంది. ఆమె రోజూ ఆ వీధిలోంచే నడిచి వస్తుంది. చెప్పులవాడితో మాట్లాడుతుంది. రొట్టె కొంటుంది. ఆమెకు ఒక్క ముక్క తెలియదు. కొత్తమ్మాయి బాగోగులన్నీ తన చేతుల మీదుగా నడుస్తున్నాయనుకుంది. ఆ చేతులకి అందకుండా, పక్కవాడు ఏం చేస్తున్నాడో ఒకడికొకడికి తెలియకుండా, ఇంతమంది ఇంత పని రెండేళ్లుగా చేస్తూ వచ్చారు. ఎవరూ "ఒకటీ, రెండూ" అనలేదు.

"ఇటు తిరగండి" అంది అధికారి. "ఇప్పుడు మీరు."

మడతక్క తిరిగింది. చెప్పడానికి వారం రోజులు రుబ్బిన పాఠం ఉంది. అందులో ఒక్క అక్షరమూ నోటికి రాలేదు.

"నాకేమీ తెలియదమ్మా" అంది. "వీళ్లు చూసినవేవీ నేను చూడలేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పిల్లని పనిలో పెట్టుకుంటామంటే వద్దన్నది నేనే. మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పాను. అలాంటి చోటి నుంచి వచ్చిన మనిషిని పెట్టుకుంటే తగవులొస్తాయి, మిగతా ఆడపిల్లలు చెడిపోతారు అన్నాను. ఆయన వినలేదు కాబట్టి సరిపోయింది."

"ఆ అమ్మాయికి తెలుసా ఇది?"

"తెలియదు. ఇవాళ చెబుతాను."

"మరి ఏ ధైర్యంతో ఆమెకి పూచీ ఉంటున్నారు?"

మడతక్క తన పని చొక్కా కుడిచేతిని మోచేతి దాకా మడిచింది. చర్మం మీద లేత మచ్చ ఒకటి, అరచెయ్యంత.

"పోయిన చలికాలం రోలర్ దగ్గర ఆవిరి గొట్టం పగిలి చెయ్యి కాలింది. అందరూ బిగుసుకుపోయారు. మీట కట్టేసింది తనే. నన్ను లాక్కెళ్లి చల్లటి పంపు కింద చెయ్యి పెట్టించింది. ఒక్క నిమిషం అయ్యేసరికి నేను లాగేసుకోబోయాను. వదల్లేదు. ఇరవై నిమిషాలు ఉంచాలంది. గోడ గడియారం చూస్తూ పట్టుకుంది. నేను ఏడ్చాను, తిట్టాను. నోటికి రాని తిట్టు లేదు. తన పుట్టుక ఎత్తి కూడా తిట్టాను. మాట్లాడలేదు. 'ఇంకా తొమ్మిది నిమిషాలక్కా', 'ఇంకా నాలుగు' అంటూనే ఉంది. వెన్నా గిన్నా రాయబోయినవాళ్లని దగ్గరికి రానివ్వలేదు. ఆ ఇరవై నిమిషాలే నా చర్మాన్ని కాపాడాయని తర్వాత డాక్టరు అన్నాడు." ఆమె చొక్కా చేతిని కిందికి దించుకుంది. "పిల్లలు మందు వేస్తుంటే తిడతారు, తంతారు కదమ్మా. అప్పుడు జాలిపడి వదిలేసే తల్లులున్నారు, కోపమొచ్చి కొట్టే తల్లులున్నారు. ఈమె రెండూ చేయదు. అది మాత్రం నాకు తెలుసు."

అధికారి చాలాసేపు రాసింది. రాయడం అయ్యాక పూచీ పత్రం బల్ల మీద ఈ వైపుకి తిప్పింది.

"రెండు నెలలు మా మనిషి వారానికోసారి వచ్చి చూసి వెళుతుంది. తర్వాత పూర్తి ఉత్తర్వు" అంది. దొంతరల వైపు ఒకసారి చూసింది. "పోయినసారి మీరు ఇవన్నీ దాచిపెట్టి ఆ చెత్త పాఠం చెప్పారు, తెలుసా?"

ఆ సాయంత్రం మడతక్క కొత్తమ్మాయికి మేనేజరు గది సంగతి చెప్పేసింది. కొత్తమ్మాయి విన్నది. చేతిలో ఉన్న పని ఆపలేదు.

"తెలుసక్కా. ఆ రోజు నేను తలుపు బయటే ఉన్నాను" అంది.

"మరి రెండేళ్లూ...?"

"చూద్దామనుకున్నాను" అంది కొత్తమ్మాయి. మడతక్కకు ఆ మాట లోపలికి దిగడానికి చాలా రోజులు పట్టింది. ఇన్నాళ్లూ తను ఆ పిల్లని పరీక్షిస్తున్నాననుకుంది.

ఒక సోమవారం పాప వచ్చింది. అందరూ స్వాగతానికి వెళదామని సిద్ధమైతే, కొత్తమ్మాయి ఒక్క డ్రైవర్నే రమ్మంది. సరేనన్నారు. మడతక్క ఆ సోమవారం ఎనిమిది బల్లల మధ్యా నిలబడి, లెక్కపెట్టడం రెండుసార్లు తప్పింది.

మొదటి వారం కొత్తమ్మాయి పనికి వచ్చినప్పుడల్లా ముఖం పీక్కుపోయి ఉండేది. "పాప ఏడవడం లేదక్కా" అనేది. ఏం పెట్టినా తింటుంది. తిన్నాక కంచం తనే కడుగుతుంది. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా చెయ్యెత్తి అడుగుతుంది. పడుకోమంటే వెంటనే కళ్లు మూసుకుంటుంది. నిద్ర మాత్రం పోదు. ఎంత మంచి పిల్లో అని చూడవచ్చిన మనిషి కూడా మెచ్చుకుని వెళ్లింది. తల్లికి మాత్రం ఆ మంచితనం చూస్తుంటే ఆ ఇంట్లో తనకు నేర్పిన పాఠాలే గుర్తొచ్చేవి. మడతక్క నోటి చివరికి పది సలహాలు వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

మూడో వారం ఒక పొద్దున్న, పనికి వెళుతూ పాపకు ఒక జత గౌన్లు ఇచ్చిపోదామని మడతక్క మామ్మగారి ఇంటికి వెళ్లింది. సగం మెట్లు ఎక్కేసరికి పైనుంచి ఏదో ఎగిరొచ్చి ఆమె కాలి దగ్గర పడింది. చిన్న బూటు. వెనకాలే రెండోది.

"వద్దు! ఇవి వద్దు! వద్దంటే వద్దు!" పాప గొంతు చిరిగిపోయేలా అరుస్తోంది. నేలకేసి కాళ్లు తన్నుకుంటున్న దబదబ చప్పుడు. "నువ్వు చెడ్డ అమ్మవి! నేను వేసుకోను!"

మడతక్క కంగారుగా ఇంకో మెట్టు ఎక్కబోయింది. కింద గుమ్మంలో కూర్చున్న మామ్మగారు చేతికర్రతో మెట్టు మీద కొట్టి, ఉండమన్నట్టు చెయ్యి చూపించింది.

పైన కాసేపు ఏడుపు తప్ప ఏమీ లేదు. తర్వాత కొత్తమ్మాయి గొంతు వినబడింది. నిద్ర చాలని, పనికి ఆలస్యమవుతున్న, విసుగు ఆపుకోలేని ఒక మామూలు తల్లి గొంతు.

"సరే, వద్దు. మరి ఏవి కావాలో నువ్వే చెప్పు. త్వరగా చెప్పు తల్లీ, నాకు టైమైపోతోంది!"

"చెప్పను!"

"చెప్పకపోతే ఉత్త కాళ్లతో రా!"

"రాను!"

మడతక్క అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. గౌన్ల సంచీ ఒళ్లో ఉంది. పైనుంచి వస్తున్న ఆ గొడవను, ఒక్క మాట కూడా తప్పిపోకూడదన్నట్టు, చెవులు రిక్కించి వింటూ ఉంది.